బర్గూరులో మా అమ్మాయి కాపురం

కాపురం అనగానే అక్షింతలు పట్టుకుని బయల్దేరకండి. మా అమ్మాయికి ఇంకా పెళ్ళి కాలేదు. ఉద్యోగం వచ్చింది, ఆ ఉద్యోగానికి ఒక ఇల్లు కావలసి వచ్చింది, ఆ ఇంట్లో సామాను లేదు. ఇంతే కథ. కానీ ఈ ఇంతకే నేను భిలాయి నుంచి తమిళనాడులోని బర్గూరు దాకా వెళ్ళి పదకొండు రోజులు ఉండి వచ్చాను. ఒక ఊహ పెట్టుకుని వెళ్ళాను, దాన్ని అక్కడే వదిలేసి వచ్చాను. ఆ ఊహ సంగతి తర్వాత చెప్తాను.

"బర్గూరా? ఎక్కడుందది?" అని మా వీధిలో అందరూ అడిగారు. నాకూ తెలియదు. మావారు రిటైరయ్యాక ఆయనకి ఫోనే లోకం. దాంట్లో వెతికి, "కొండలు, అడవి, ఎర్రటి చర్మం మీద తెల్లమచ్చల ఆవులు, పేరున్న జాతి. బస్సు కూడా సరిగ్గా వెళ్ళేట్టు లేదే!" అన్నారు. ఆ రాత్రి నాకు నిద్రపట్టలేదు. తీరా చూస్తే ఆ ఆవుల బర్గూరు వేరు. అది ఈరోడు జిల్లా అంతియూరు పైన కొండల్లో ఉంది. మా అమ్మాయిది కృష్ణగిరి జిల్లా బర్గూరు, మద్రాసు-బెంగుళూరు పెద్ద రోడ్డు పక్కన. అక్కడితో అయిందా? ఉద్యోగం పోచంపల్లి వైపు ఫ్యాక్టరీలో అంది. "చీరల పోచంపల్లా! హైదరాబాదు పక్కనే కదా!" అని నేను సంబరపడ్డాను. అదీ కాదు. కృష్ణగిరి జిల్లాలో ఇంకో పోచంపల్లి ఉంది. అక్కడి సిప్కాట్ పారిశ్రామికవాడలో 2021 నుంచి విద్యుత్ స్కూటర్లు కూడా తయారవుతున్నాయి. మా అమ్మాయిది ఆ చుట్టుపక్కలే మరో ఫ్యాక్టరీ, క్వాలిటీ విభాగం. మన ఊళ్ళ పేర్లు ఇలా మారువేషాల్లో దేశమంతా తిరుగుతుంటాయని అప్పుడే తెలిసింది.

జోలార్పేట జంక్షన్లో దిగి బస్సెక్కాం. కృష్ణగిరికి రైలు లేదు. ఒకప్పుడు తిరుపత్తూరు నుంచి కృష్ణగిరికి బుల్లి రైలు నడిచేదట, రెండో ప్రపంచయుద్ధం రోజుల్లో దాన్ని ఎత్తేశారట. బస్సు కిటికీలోంచి చూస్తే మామిడితోటలు, తోటల మధ్య గుండ్రాళ్ళ గుట్టలు, గుట్టల్ని సగానికి కోసేసిన గ్రానైటు క్వారీలు. జూన్ నెల. రోడ్డు పక్కన ముక్కు వంకర తిరిగిన తోతాపురి కాయలు గుట్టలు గుట్టలుగా పోసి ఉన్నాయి. ఆ గుట్టల్ని చూసి కూడా నా మనసు కుదుటపడలేదు. నాకు తమిళం ఒక్క ముక్క రాదు. భిలాయిలో ముప్ఫై ఏళ్ళు హిందీతో నెట్టుకొచ్చాను, ఇక్కడ ఆ హిందీ కూడా పనికిరాదు. అమ్మాయి మాత్రం "వదిలెయ్యమ్మా, ఏదో ఒకటి అవుతుంది" అంటుంది. ఈ కాలం పిల్లలకి ఆ మాట మంత్రం లాంటిది.

ఇల్లు మేడమీద పోర్షను. ఒక హాలు, ఒక పడగ్గది, వంటగది, బయట నీళ్ళ తొట్టె. అద్దె 6,000. ఇంటావిడ కొడుకు బెంగుళూరులో పనిచేస్తాడు కాబట్టి బెంగుళూరు లెక్క చెప్పాడు. పది నెలల అద్దె అడ్వాన్సు! అంటే 60,000. నేను సంచీ సర్దుకున్నాను కూడా. మా అమ్మాయి మాత్రం నెమ్మదిగా, "అన్నా, తమిళనాడులో కొత్త అద్దె చట్టం 2019లో అమల్లోకి వచ్చింది కదా, ఇద్దరూ వేరేగా ఒప్పుకుంటే తప్ప మూడు నెలల అద్దె కంటే ఎక్కువ అడ్వాన్సు తీసుకోకూడదంటుంది" అని ఇంగ్లీషులో చెప్పింది. ఆ అబ్బాయి తల గోక్కున్నాడు. అప్పుడు వెనక గదిలోంచి ఒక గొంతు వినిపించింది.

"ఇంగ చాల్లేరా. పాప సరిగ్గానే చెప్తా ఉండాది. మూడు నెలలది తీసుకో."

తెలుగు! నేను ఉలిక్కిపడ్డాను. అరవై అయిదు దాటిన ఆవిడ, ముక్కుకి రెండువైపులా ముక్కుపుడకలు, చేతిలో చేట. "మీరు తెలుగువారా?" అన్నాను. ఆవిడ నవ్వింది. "మేము ఈడోళ్ళమే అమ్మా. తాతల కాలం నించీ ఈడనే ఉండాము. ఇంట్లో తెలుగు, బయట అరవం, బెంగుళూరు పక్కకి పోతే కన్నడం. మీరెవురు?"

ఈ ప్రాంతానికి బారామహల్ అని పాత పేరు. బర్గూరుకి దగ్గర్లోనే జగదేవి అనే ఊరుంది. విజయనగర రాజుల చివరి రోజుల్లో ఈ సీమని ఏలిన జగదేవరాయల పేరు మీద వెలసిందంటారు. తర్వాత మైసూరు వాళ్ళ కిందికి పోయి, 1792లో టిప్పు సుల్తాను సంధిలో ఇంగ్లీషు కంపెనీకి దక్కింది. పన్ను నేరుగా రైతుతోనే కట్టించుకునే రైత్వారీ పద్ధతిని రీడ్, మన్రో దొరలు మొదలుపెట్టింది ఈ నేలమీదే. సేలం జిల్లాలో ఉండి, 1965లో ధర్మపురి జిల్లాలోకి, 2004లో కృష్ణగిరి జిల్లాలోకి వచ్చింది. రాజ్యాలు మారాయి, జిల్లాలు మారాయి, ఈవిడ ఇంట్లో మాట మాత్రం మారలేదు. ఇవన్నీ నాకు ఆ రోజు తెలియవు. మావారు తర్వాత ఫోన్లో పాఠం చెప్పారు. (ఆవుల విషయంలో పోయిన పరువు నిలబెట్టుకోవాలిగా!)

తెలుగు వినపడింది కదా అని నేను చొరవగా, "అక్కా, మా గుంట ఒక్కర్తే ఉంటుంది, కాస్త మీరే చూసుకోవాలి" అన్నాను. ఆవిడ ముఖం చిట్లించి కొడుకుని పిలిచింది. "రేయ్, గుంట చూడమంటా ఉండారు. వెనకాల సెప్టిక్ గుంట మూత సరిగ్గుండాదో లేదో చూడు పో!" మా శ్రీకాకుళంలో గుంట అంటే ఆడపిల్ల అని చెప్పడానికి నాకు పది నిమిషాలు పట్టింది. ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్విన నవ్వు ఇంకా నా చెవుల్లో ఉంది. ఆ రోజు నుంచి మా అమ్మాయి ఆ ఇంట్లో "శ్రీకాకుళం గుంట" అయిపోయింది.

ఇక సామాను సంగతి. అడ్వాన్సు పోగా అమ్మాయి సామానుకని 20,000 విడిగా పెట్టుకుంది. తన జీతంలో మిగిల్చుకున్న డబ్బు. "నాన్న దగ్గర పైసా తీసుకోను, వాయిదాల మీద ఏదీ కొనను, నువ్వు చూస్తూ ఉండు చాలు" అంది. చూస్తూ ఉండడం ఏ తల్లికి చేతనయింది? నేను ముందే ఇంటి నుంచి గోనెసంచీలో అల్యూమినియం గిన్నెలు, సత్తు కుక్కరు, మా అత్తగారి రాగి అడుగు తపేలా తీసుకెళ్ళాను. రెండు రాత్రులు రైల్లో వాటి మీద కాళ్ళు పెట్టుకుని పడుకున్నాను. అమ్మాయేమో కరెంటు పొయ్యి కొందామని మనసులో పెట్టుకుంది. ఇండక్షను పొయ్యి మీద అల్యూమినియం, రాగి పనిచెయ్యవట. అయస్కాంతం అంటుకునే అడుగున్న గిన్నె అయితేనే వేడెక్కుతుందట. ఇంటావిడ మనవడి పెన్సిలు డబ్బాకున్న అయస్కాంతం తెచ్చి నా గిన్నెలన్నిటికీ ఆనించి చూసింది. ఒక్కదానికీ అంటుకోలేదు! నాకు ఏడుపొచ్చినంత పనయింది.

నా ముఖం చూసి అమ్మాయి పద్ధతి మార్చుకుంది. 5 కేజీల చిన్న గ్యాసు సిలిండరు ఉంటుంది, దానికి చిరునామా రుజువు అక్కర్లేదు, గుర్తింపు కార్డు చూపిస్తే చాలు. ఊళ్ళు మారే పిల్లల కోసం, కూలి పనుల మీద తిరిగే వాళ్ళ కోసం పెట్టిన ఏర్పాటు అది. సిలిండరు, రెగ్యులేటరు, ఒంటి బర్నరు పొయ్యి కలిపి 3,200 అయింది. ఇండక్షను అయితే ఇంత అయ్యేది కాదు. పైగా ఇక్కడ ఇళ్ళకి రెండు నెలలకి మొదటి 100 యూనిట్లు కరెంటు ఉచితం, మేడమీదకి వేరే మీటరు కూడా ఉంది. లెక్క ప్రకారం నేను దానికి నష్టమే చేశాను. అది ఆ మాట అనలేదు. నేనూ ఎత్తలేదు.

ఇంటావిడ పెట్టిన షరతు ఒకటే, గోడకి మేకు కొట్టకూడదు. కొత్తగా సున్నం వేయించిన గోడలు. మేకు లేకుండా కర్టెన్లు ఎలా? అసలు కర్టెన్లకి గుడ్డ ఎక్కడ?

గుడ్డ ఎక్కడని బర్గూరులో అడగడమంటే గోదారి ఒడ్డున నిలబడి నీళ్ళెక్కడని అడగడమే. ఈ చిన్న ఊరికి చుట్టుపక్కల "మినీ సూరత్" అని పేరు. వరసగా జౌళి దుకాణాలు. చీరలు కట్టలు కట్టలుగా సూరత్ నుంచి వస్తాయి. ఇక్కడి నుంచి చిన్న వ్యాపారులు కొనుక్కుని ఊళ్ళ మీదికి తీసుకెళ్తారు. పెళ్ళిళ్ళ రోజుల్లో ఆంధ్రా నుంచి, కర్ణాటక నుంచి కూడా వస్తారు. కుప్పం ఇక్కడికి దగ్గరే మరి. ఒక దుకాణంలో ఎక్కి కూర్చుంటే చాలు, ముందు కాఫీనో మజ్జిగో ఇచ్చి, మీ మాట విని, ఆ భాషలో మాట్లాడతారు. నేను హిందీలో అడిగితే హిందీలోనే జవాబు వచ్చింది. సూరత్‌తో బేరాలు చెయ్యాలి కదా!

తయారుగా ఉన్న కర్టెన్ల ధర చూసి వెనక్కి తిరిగాం. అప్పుడు నాకు మా అమ్మ గుర్తొచ్చింది. మా చిన్నప్పుడు ఇంట్లో కర్టెను అంటే పాత చీరే. కానీ అమ్మాయికి పాత చీరలెక్కడివి? కొత్త చీరలే కొన్నాం. 240 రూపాయల పాలియెస్టరు చీరలు, నాలుగు. లెక్క చెప్తాను, మీ పిల్లలకి పనికొస్తుంది. చీర పొడవు అయిదున్నర మీటర్లు, పన్నా దాదాపు 1 మీటరు 10 సెంటీమీటర్లు. అడ్డంగా రెండు ముక్కలు చేస్తే ఒక్కొక్కటి రెండు మీటర్ల ముప్పావు. ఏడడుగుల గుమ్మానికి మడతలు పోను ఇంకా జానెడు మిగులుతుంది. రెండు ముక్కలూ పక్కపక్కన వేలాడదీస్తే మూడడుగుల గుమ్మానికి కుచ్చెళ్ళు పెట్టినట్టు నిండుగా ఉంటుంది. అదే చీరని నాలుగు ముక్కలు చేస్తే నాలుగడుగుల కిటికీలు రెండింటికి సరిపోతుంది. అంటే రెండు గుమ్మాలకి రెండు చీరలు, నాలుగు కిటికీలకి రెండు చీరలు. 960 రూపాయలు, కుట్టుకూలి 400. చీర అంచులు పక్కలకి వస్తాయి కాబట్టి మడిచి కుట్టే పని కూడా కొంత తగ్గుతుంది. మేకులకి బదులు స్ప్రింగు రాడ్లు దొరుకుతాయి. గుమ్మం లోపలివైపు ఆనించి తిప్పితే బిగుసుకుంటాయి. ఒక్కోటి 150. ఇంటావిడ వచ్చి రాడ్డు పట్టుకుని ఊగి చూసి, "ఊడి రాదు లే" అని సర్టిఫికెట్టు ఇచ్చింది.

చీర రంగు దగ్గర మాత్రం మా ఇద్దరికీ పేచీ వచ్చింది. నాకు ఎరుపూ పసుపూ, దానికి బూడిద రంగు. కొత్త ఇంట్లో బూడిద రంగేమిటని నేను. "నేనుండే ఇల్లమ్మా ఇది" అని అది. దుకాణం అతను ఇద్దరి మధ్యా తల తిప్పి తిప్పి మెడ పట్టేసిన వాడిలా అయ్యాడు. చివరికి పడగ్గదిలో బూడిద, హాల్లో పసుపు అని రాజీ కుదిరింది.

ఇక మంచం. నాకు తెలిసిన మంచాలు నాలుగే. నులక మంచం, నవారు మంచం, ఇనప మంచం, పందిరి మంచం. అమ్మాయి పాత సామాన్ల దుకాణానికి తీసుకెళ్ళి, ఫ్యాక్టరీలకి సామాను వచ్చే చెక్క పలకలు చూపించింది. వాటిని ప్యాలెట్లు అంటారట. "ఇవి పేర్చి పైన పరుపు వేస్తాను." ఇంజనీరింగు చదివించింది పెట్టె చెక్కల మీద పడుకోవడానికా అని నేను రుసరుసలాడాను. అది వినిపించుకోకుండా ఒక్కో ప్యాలెట్టూ తిరగేసి ఏదో ముద్ర వెతుకుతోంది. దేశాలు దాటే చెక్కకి పురుగు రాకుండా శుద్ధి చేసి ముద్ర వేస్తారు. "హెచ్.టి." అని ఉంటే వేడితో శుద్ధి చేసినది, ఇంట్లో వాడుకోవచ్చు. "ఎం.బి." అని ఉంటే మిథైల్ బ్రోమైడ్ అనే విషవాయువు పట్టించినది, ఇంట్లోకి తేకూడదు. ముద్రే లేకపోతే దేంతో తడిసిందో ఎవరికి తెలుసు, అదీ వద్దు. ఇరవై ప్యాలెట్లు తిరగేసి నాలుగు తీసింది. ఒక్కోటి 250. దుకాణం అతను "ఈ పాప చదివిన పాప" అన్నట్టు ఏదో తమిళంలో అన్నాడు. నాకు తమిళం రాకపోయినా ఆ మాట అర్థమైంది.

ఆ రోజు మధ్యాహ్నమంతా మేడమీద గరుకు కాగితంతో చెక్కలు రుద్దాం. మేకులు పీకాం, రంగు పూశాం. ఒక్కో ప్యాలెట్టు 1 మీటరు వెడల్పు, 1.2 మీటర్ల పొడవు. రెండు పక్కపక్కన పెడితే ఆరున్నర అడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు. వాటి మీద ఇంకో రెండు పేరిస్తే మంచం ఎత్తు వచ్చింది. కింద ఖాళీల్లో పుస్తకాలు, చెప్పులు దూరతాయి. పైన కొబ్బరిపీచు పరుపు, 4,800. పడుకుని చూశాను. చప్పుడు లేదు, ఊగదు. నేను మాట్లాడకుండా లేచి కాఫీ పెట్టాను. మా ఇంట్లో ఓటమి ఒప్పుకునే పద్ధతి అదే.

గ్రానైటు సంగతి చెప్పకుండా బర్గూరు గురించి రాస్తే తప్పవుతుంది. ఊదారంగు మీద గోధుమరంగు మబ్బులు తేలుతున్నట్టుండే పారడైసో రాయి ఈ చుట్టుపక్కల తవ్వేదే, విదేశాలకి వెళ్తుంది. కోసి నునుపు పెట్టే చోట అంచుల ముక్కలు, చిన్న పగుళ్ళున్న ముక్కలు పక్కన పడేసి ఉంటాయి. అడిగితే చవగ్గా ఇచ్చేస్తారు. నాలుగడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు ఉన్నవి రెండు, 700 రూపాయలు. ఆటో 150. ముక్కొకటి 27 కిలోల దాకా బరువు. మేడ మెట్లెక్కించడానికి ఇంటావిడ కొడుకు, ఆటో అతను, ఎదురింటి పెద్దాయన కలిశారు. సిమెంటు ఇటుకలు ఇంటి వెనక ఉన్నవే తీసుకోమన్నారు. ఒక రాయి రాసుకునే బల్ల అయింది, ఒకటి వంటింట్లో అరుగయింది. ధనవంతుల ఇళ్ళలో ఉండే రాయి మీద మా అమ్మాయి ఉల్లిపాయలు తరుగుతోంది! ఆటో అతను దిగుతూ దిగుతూ, "1991లో జయలలితమ్మ ఈ ఊరి నుంచే గెలిచి ముఖ్యమంత్రి అయింది, తెలుసునా?" అని అడిగాడు. తర్వాత ఎక్కిన ప్రతి ఆటోలోనూ ఈ సంగతి విన్నాను. 1996లో ఇక్కడే ఓడిపోయిన సంగతి మాత్రం ఒక్కరే చెప్పారు.

ఇప్పుడు నేను పెట్టుకున్న ఊహ సంగతి. తిరుగు ప్రయాణానికి మావారి చేత రెండు టికెట్లు చేయించాను, ఒకటి నాకు, ఒకటి అమ్మాయికి. విశాఖపట్నం నుంచి ఒక సంబంధం వచ్చి ఉంది. మంచివాళ్ళే. కాకపోతే పెళ్ళయ్యాక ఆ మూల ఉద్యోగం ఎందుకన్నారు. ఊరు కాని ఊళ్ళో, భాష రాని చోట, ఖాళీ ఇంట్లో నాలుగు రోజులుంటే దానికే విసుగొస్తుంది, అప్పుడు మెల్లగా చెప్పి తీసుకొచ్చేద్దామని నా ఎత్తు. నిజం చెప్పొద్దూ, సామాను కొనడంలో సాయం చేస్తూనే ఎక్కడ చెడుతుందా అని ఒక కన్ను వేసి ఉంచాను.

ఏడో రోజు రాత్రి కరెంటు పోయింది. నా ఫోను వెలుతురులో కొవ్వొత్తి వెతుకుతుంటే మావారి దగ్గర్నుంచి మెసేజి వచ్చింది. టికెట్ల వివరాలు, ఇద్దరి పేర్లూ, బెర్తు నెంబర్లతో సహా. ఫోను అమ్మాయి చేతిలో ఉంది.

అది అరవలేదు. అరిస్తే బాగుండేది. కాసేపయ్యాక, "నా పేరు మీద టికెట్టు కొనేముందు నన్ను ఒక్క మాట అడగొచ్చు కదమ్మా" అంది. తర్వాత చీకట్లోనే వెళ్ళి వంటింటి కిటికీ దగ్గర కూర్చుంది. నేను పడగ్గదిలో, ప్యాలెట్ల మంచం మీద. ఇద్దరి మధ్యా 240 రూపాయల చీర తెర. ఇరవై నాలుగేళ్ళలో మేమిద్దరం మాట్లాడుకోకుండా నిద్రపోయిన రాత్రి అదే అనుకుంటాను. నిద్రపోయామని ఎవరన్నారు?

మర్నాడు అది డ్యూటీకి వెళ్ళిపోయాక ఇంటావిడ పైకి వచ్చింది. ముఖం చూసి ఏదో గ్రహించింది కాబోలు, ఏమీ అడగలేదు. చంకలో ఒక పాత అట్టల నోటు పుస్తకం ఉంది. "నువ్వు తెలుగు చదువుతావు గదా అమ్మా, ఇది రోంత చదివి చెప్పు. మా ఆయన రాసింది. నాకు కండ్లు కనపడవు, పిల్లోళ్ళకి తెలుగు రాత రాదు." ఆవిడ అయిదో తరగతి దాకా తెలుగులోనే చదువుకుందట. కొడుకు తమిళంలో చదివాడు. మనవళ్ళ కాలానికి 2006 చట్టంతో బళ్ళలో తమిళం తప్పనిసరి అయింది. తెలుగు నోటికి మిగిలింది, చేతికి మిగల్లేదు. మన భిలాయి పిల్లల కథా అదే కదా! మా అమ్మాయి చక్కగా మాట్లాడుతుంది, చదవమంటే కూడబలుక్కుంటుంది. దానికి చట్టం కాదు, నా బద్ధకం కారణం.

ఆ పుస్తకం ఆయన బట్టల పద్దు. ఆయన ఇక్కడి దుకాణాల్లో బట్టలు అరువుకి తీసుకుని, సైకిలు మీద మూట కట్టుకుని ఊరూరూ తిరిగి వాయిదాల మీద అమ్మేవాడట. చీర ఒకటి, ఇంత, ఈ వారం ఇచ్చింది ఇంత, బాకీ ఇంత. పేజీల నిండా అవే. చదువుతూ వెనక్కి తిప్పుతుంటే మొదటి పేజీ వచ్చింది. పైన "కొత్త ఇంటి ఖర్చు, 1978" అని ఉంది. కింద వరసగా నులక మంచం 1, ట్రంకు పెట్టె 1, లాంతరు 1, సత్తు గిన్నెలు 4, నీళ్ళ కుండలు 2, చాప 1, అద్దము 1. అద్దం పక్కన మాత్రం "అడిగినందున" అని రాసి ఉంది.

ఆవిడ ఆ మాట మళ్ళీ చదవమంది. చదివాను. మూడోసారి కూడా చదివాను. "అద్దం వద్దు, దుడ్లు లేవు అనె. నేను అలిగి రెండు దినాలు మాట్లాడలే. మూడో దినం తెచ్చె. ఎందుకు తెచ్చినాడో ఇప్పుడు తెలిసె" అని కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. కాసేపటికి తేరుకుని, "మా అమ్మ వచ్చి నన్ను తీసుకుపోతాననె అప్పుడు. ఇల్లు చూసి, దీంట్లో ఏముండాది, వచ్చేయవే అనె. నేను పోలే" అంది. నా టికెట్ల సంగతి ఆవిడకి తెలుసో తెలియదో నేను అడగలేదు. మేడ మీద చీర తెరలుంటే మాటలు కిందికి వినపడతాయేమో!

సాయంత్రం అమ్మాయి వచ్చేసరికి ఇంటావిడ, నేను పుస్తకం ముందేసుకుని కూర్చుని ఉన్నాం. ఇంటావిడ దాని చేతికి పుస్తకం ఇచ్చి, "నువ్వు చదువు పాపా" అంది. అది నా వైపు చూసింది. రాత్రి తర్వాత మొదటిసారి. "నులక... మం...చం" అని మొదలుపెట్టింది. లాంతరు దగ్గర నేను అందించాను, సత్తు దగ్గర ఇంటావిడ అందించింది. "అడిగినందున" దగ్గరికి వచ్చేసరికి తనే కూడబలుక్కుంది.

అమ్మాయి సామాను మొత్తం 17,610 అయింది. రెండు ప్లాస్టిక్ కుర్చీలు 1,100, తూకానికి కొన్న స్టీలు గిన్నెలు 2,700 (నా అల్యూమినియం ఉన్నా కొనవలసినవి ఉంటాయి కదా!), బకెట్లూ చీపుర్లూ 800, ఫ్రిజ్జుకి బదులు 250 పెట్టి మట్టి కుండ, చెక్కలకి రంగూ గరుకు కాగితమూ 650, మిగతావి పైన చెప్పినవే. సీలింగు ఫ్యాను ఇంటావిడ పెట్టించింది. ఇంకా 2,390 మిగిలింది. దాన్ని వచ్చే నెల గ్యాసుకని దాచింది.

బయల్దేరడానికి మూడు రోజుల ముందు మావారికి ఫోను చేసి, అమ్మాయి టికెట్టు రద్దు చెయ్యమన్నాను. "సంబంధం వాళ్ళకేం చెప్పమంటావు?" అన్నారు. అమ్మాయి ఉద్యోగం మానదు, దానికి ఇష్టమైతే ఫోన్లో అబ్బాయితో మాట్లాడుకుంటుందని చెప్పమన్నాను. రద్దు చార్జీలు పోను వచ్చే డబ్బు తనకి పంపాలా అని ఆయన అడిగారు. అక్కర్లేదన్నాను. ఆ డబ్బుకి కొంత కలిపి బజార్లో మడత మంచం ఒకటి కొన్నాను. "ఇది నా డబ్బు, నీ 20,000లో లెక్క కట్టకు. నేను వస్తే పడుకోవడానికి" అన్నాను. అది మంచాన్ని విప్పి, మడిచి, మళ్ళీ విప్పి చూసి, తలుపు వెనక నిలబెట్టింది. "ఎప్పుడొస్తావు మరి?" అంది.

పదకొండో రోజు తెల్లవారుజామున లేచి గుమ్మంలో ముగ్గు వేశాను. కింద ఇంటావిడ తన గుమ్మంలో వేస్తోంది. నాది మా ఊరి పద్మం, ఆవిడది చుక్కల చుట్టూ తిరిగే మెలికల ముగ్గు. మెట్ల దగ్గర నిలబడి ఇద్దరం ఒకరి ముగ్గు ఒకరం చూసుకున్నాం.

"మొబ్బులోనే పోతా ఉండారే. బిన్నా రండి మళ్ళా" అంది ఆవిడ. మొబ్బంటే చీకటి, బిన్నా అంటే త్వరగా. ఆ రెండు మాటలూ నేను బర్గూరులోనే నేర్చుకున్నాను. బస్సు కదిలాక అమ్మాయి కిటికీ పక్కన పరిగెత్తుతూ, "అమ్మా, దసరాకి వచ్చేటప్పుడు పెద్దబాలశిక్ష తీసుకురా. ఇద్దరికి కావాలి!" అని అరిచింది.

ఇద్దరంటే ఎవరని నేనూ కిటికీలోంచి అరిచాను. అది వెనక్కి తిరిగి మెట్ల మీద నిలబడ్డ ఇంటావిడ మనవడిని చూపించింది.